వీరదుర్గ కూత

అవనిగడ్డ బస్టాండు ఎదురు సందులో ఉన్న వీరదుర్గ టిఫిన్ కొట్టుకి దారి ఎవర్నీ అడగక్కర్లేదు. బస్సు దిగి చెవి పెడితే చాలు. "ఏవండోయ్ మేష్టారూ, నిన్న కనపడలేదేం? ఇంట్లో ఉప్మా పెట్టారా?" అని ఒక కేక. "ఆ ప్లేటు అక్కడ పెడతావేంటయ్యా, నీ తర్వాత ఎవరూ కూర్చోకూడదా?" అని ఇంకో కేక. ఆ కేకలు పట్టుకుని నడిచిపోతే ముందు ఊక పొయ్యి పొగ ఎదురొస్తుంది. పొగ వెనకాల ఇడ్లీ పాత్ర, పాత్ర వెనకాల వీరదుర్గ.

ఆ గొంతు ఊరికే రాలేదు. ఆమె పుట్టిల్లు హంసలదీవి దగ్గర జాలర్ల పల్లె. తండ్రీ అన్నలూ వేట నుంచి వచ్చి ఒడ్డున వలలు ఆరేసుకుంటుంటే, దుర్గ ఆ పక్కనే ఇసకలో మగపిల్లలతో చెడుగుడు ఆడేది. ఆటలో ఆమె బలం కాళ్లలో లేదు, కూతలో ఉంది. "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలి బరిలోకి దిగిందంటే ఊపిరి తియ్యదు. అవతలి వాళ్లు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి విసుగెత్తి ఎవరో ఒకరు మీద పడితే అప్పుడు వాళ్లని విదిలించుకుని వచ్చేసేది. ఆ కూతతోనే జిల్లా జట్టులోకి వెళ్లింది. పెళ్లయ్యాక ఆట పోయి కొట్టు వచ్చింది. ఇప్పుడు ఆమెకి యాభై దాటాయి. కూత మాత్రం కేకల రూపంలో ఉండిపోయింది.

చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం ఊళ్లో యువజన సంఘం కుర్రాళ్లు కొట్టుకి వచ్చారు. ఈ ఏడు కబడ్డీ పోటీల్లో చివరి రోజు పెద్ద ఆడవాళ్ల ఆట పెడుతున్నారట.

"దివిసీమ జట్టుకి మీరే కెప్టెన్ పిన్నిగారూ."

"నేనా? ఈ మోకాళ్లతోనా? పొండి, పోయి పని చూసుకోండి."

"అవతల గుడివాడ జట్టండీ. వాళ్ల కెప్టెన్ బ్లెస్సీ టీచర్ గారు. నందివాడ హైస్కూల్లో వ్యాయామం నేర్పుతారు కదా, ఆవిడ."

వీరదుర్గ చేతిలో చట్నీ గరిటె గాల్లోనే ఆగిపోయింది. "బ్లెస్సీయా!"

ఈ ఇద్దరికీ పాత తగువుంది. వయసులో ఉన్నప్పుడు గుడివాడలో జరిగిన ఒక ఆటలో బ్లెస్సీ ఈమె మడమ పట్టుకుని లాగింది. ఈమె చెయ్యి చాపి మధ్య గీత ముట్టుకుంది. ముట్టుకున్నానని ఈమె, లేదని ఆమె. రిఫరీ బ్లెస్సీ మాటే నమ్మాడు. పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలకి పెళ్లిళ్లయినా ఆ తగువు తీరలేదు.

"రాసుకోండి నా పేరు," అంది వీరదుర్గ.

జూనియర్ కాలేజీ గ్రౌండులో ప్రాక్టీసు మొదలైంది. పక్క సందులో పూలు అమ్మే రత్నం, ఇంకొందరు ఆడవాళ్లు చీర కొంగులు బిగించి దిగారు. వీరదుర్గ గీత దగ్గర నిలబడి, నేలకి దండం పెట్టి కూత ఎత్తుకుంది. నాలుగు కబడ్డీలయినా కాలేదు, గొంతులో ఏదో అడ్డుపడి దగ్గు తెర ముంచుకొచ్చింది. వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా దగ్గింది.

"ఏంటి వదినా, కూత కాస్తా దగ్గయింది?" అంది రత్నం.

"పొగచూరింది గొంతు. ఇంకేం లేదు. నువ్వు ముందు సరిగ్గా నిలబడు."

నిజానికి అది ఆ రోజు మొదలైంది కాదు. చాలాకాలంగా తెల్లవారుజామున దగ్గు నిద్ర లేపుతోంది. పిండి డబ్బా ఎత్తితే ఆయాసం. పోపు ఘాటు తగిలితే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు. ఊపిరి వదిలినప్పుడల్లా లోపల సన్నగా ఈల. ఒకరోజు ఆ ఈల విని భర్త కోటయ్య నిద్రలోనే "కుక్కరు దించవే, మాడిపోద్ది" అన్నాడు. "కుక్కరు కాదు, నేను" అని చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు. లావెక్కాను, అందుకే ఆయాసం అని తనకి తాను సర్ది చెప్పుకుంది.

కోటయ్య ఆటో తోలుతాడు. ఆయనకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఆ రెంటి దయవల్ల ఊళ్లో మందుల షాపులన్నీ తెలుసు. మందుల కంటే ఎక్కువగా వాట్సాప్ తెలుసు. భార్య దగ్గు బయటపడ్డాక ఆయనకి చేతినిండా పని దొరికింది. ఒకరోజు మిరియాల కషాయం, ఒకరోజు తమలపాకు రసం, ఇంకోరోజు ఉల్లిపాయ ఉడకబెట్టిన నీళ్లు. ఆఖరికి వేపనూనె ముక్కులో వేసుకోవాలన్న సందేశం చదవబోతుంటే ఆమె ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పడేసింది.

"నాకు జబ్బేం లేదయ్యా. ఉంటే గింటే నీ వైద్యానికే వస్తుంది."

వీధి చివర వైద్యుడు సూది వేస్తే రెండ్రోజులు హాయిగా ఉండేది. మూడో రోజు ఈల మళ్లీ మొదలయ్యేది.

అంతలో కొట్టు పల్చబడింది. పొద్దున్నే నిలబడి తినే గుమస్తాలు రావడం మానేశారు. ఇడ్లీ పిండి మిగిలిపోయి పులిసిపోతోంది. ఎందుకో అర్థం కాక రత్నాన్ని నిలదీసింది.

రత్నం పూల దారం వేలికి చుట్టుకుంటూ నసిగింది. "అదీ... నీకు టీబీ అని ఎవరో అన్నారంట వదినా. ప్లేట్ల ద్వారా అంటుకుంటుందంట."

వీరదుర్గకి ముందు కోపం వచ్చింది. ఆ కోపం కింద, ఇన్నాళ్లూ తనే తొక్కిపెట్టిన భయం పైకి తేలింది. ఒకవేళ నిజమైతే? మనవరాలు రోజూ తన ఒళ్లోనే పడుకుంటుందే? మర్నాడు కొట్టు మూసేసి, కోటయ్యని వెంటబెట్టుకుని బందరు బస్సెక్కింది. "నా ఊపిరి పోతే పోయింది. నా ఇడ్లీల పరువు తీస్తే ఊరుకోను" అని చల్లపల్లి దాటేదాకా అంటూనే ఉంది. ఆ తర్వాత అనలేదు. కిటికీ వైపు తిరిగి కొంగు చివర నలుపుతూ కూర్చుంది.

బందరులో ఊపిరితిత్తుల డాక్టరు పేరు ఫౌజియా. చిన్న వయసు. ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది, ఎక్స్‌రే తీయించింది, కఫం పరీక్షకి పంపింది. ఆ తర్వాత ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, దానికి ఉన్న గొట్టం వీరదుర్గ నోట్లో పెట్టింది.

"నిండా గాలి పీల్చి, ఉన్న ఊపిరంతా ఒక్కసారిగా గట్టిగా ఊదెయ్యాలమ్మా. ఇంక లేదు అనేదాకా ఆపకూడదు."

ఊపిరి పందెం అని తెలిసేసరికి వీరదుర్గలో పాత ఆటగత్తె లేచి కూర్చుంది. రొమ్ము నిండా గాలి తీసుకుంది. గొట్టంలోకి "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." అని అందుకుంది.

డాక్టరు పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. "కూత కాదమ్మా, ఊదాలి. పొయ్యి ఊదినట్టు."

పొయ్యి ఊదడం ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఊదింది. మధ్యలోనే దగ్గొచ్చింది. మళ్లీ ఊదింది. తెర మీద గీత కొంచెం లేచి చతికిలపడింది.

"ఉండాల్సిన దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువుంది," అంది డాక్టరు.

"సగమా? నాకా? మీ మిషను పాడైనట్టుందమ్మా. కావాలంటే ఈయన్ని ఊదమనండి, తేలిపోద్ది. మెట్లెక్కితే కూలబడే మనిషి."

కోటయ్య వద్దంటూనే కూర్చున్నాడు. ఊదాడు. గీత నిటారుగా లేచి, హుందాగా దిగింది. "ఈయనది బావుంది," అంది డాక్టరు.

పెళ్లయిన ఇన్నేళ్లలో కోటయ్య ముఖాన అంత వెలుగు ఆమె చూడలేదు. ఆ వెలుగు ఆమెకి టీబీ భయం కంటే ఎక్కువ బాధ పెట్టింది.

తర్వాత డాక్టరు ఒక మందు పీల్పించి, కాసేపు బయట కూర్చోబెట్టి మళ్లీ ఊదించింది. ఈసారి గీత బాగా పైకి లేచింది. వీరదుర్గ తనే ఆశ్చర్యపోయింది. ఛాతీ మీద కూర్చున్న మనిషెవరో లేచి వెళ్లినట్టుంది.

"కఫం పరీక్ష కూడా వచ్చింది. టీబీ లేదు," అంది డాక్టరు. "ఉన్నా అంత భయపడక్కర్లేదు, మందులు వాడితే తగ్గే జబ్బే. అయినా అది ప్లేట్ల వల్ల అంటుకోదు. మీది ఆస్తమా. ఉబ్బసం అంటారు చూడండి, అది."

"ఉబ్బసం ఉన్నవాళ్లు బక్కచిక్కి మంచాన ఉంటారు కదమ్మా. నన్ను చూడండి, ఎలా ఉన్నానో!"

"దానికి లావూ సన్నం లేదు. మీ ఊళ్లో పంట కాలవ చూశారుగా? గుర్రపుడెక్క పట్టేసి, అడుగున పూడిక పేరుకుంటే ఏమవుతుంది?"

"నీళ్లు పారవు. చివరి పొలాల వాళ్లు కొట్టుకు చస్తారు."

"మీ లోపల గాలి కాలవలు అలాగే ఉన్నాయి. గోడలు వాచి ఇరుకైపోయాయి. అందులోంచి గాలి దూరి వెళ్తుంటేనే ఆ ఈల. గాలి లోపలికి వెళ్లినంత తేలిగ్గా బయటికి రాలేదు. ఊక పొయ్యి పొగ, పోపు ఘాటు, చలి, ఇవన్నీ తగిలినప్పుడల్లా ఇంకా బిగుస్తాయి."

రెండు మందులిచ్చింది. ఒకటి స్ప్రే పంపు. ఊపిరాడనప్పుడు, పరుగెత్తే ఆటకి ముందు. అది కాలవని అప్పటికప్పుడు తెరుస్తుంది. రెండోది పొడి మందున్న గొట్టం మాత్రలు, వాటిని పెట్టి పీల్చడానికో చిన్న పరికరం. బాగున్నా బాగోకపోయినా పొద్దున, సాయంత్రం. అది వాపు తీస్తుంది, అంటే పూడిక తీసే పని. అది పీల్చాక నోరు పుక్కిలించాలి.

"పీల్చే మందు మొదలెడితే ఇంక చచ్చేదాకా మానలేమంట కదమ్మా?" అంది వీరదుర్గ గొంతు తగ్గించి.

డాక్టరు కోటయ్య వైపు చూసింది. "మీరు బీపీ మాత్ర మానేశారా అండీ?"

"లేదండీ, రోజూ వేసుకుంటాను."

"బీపీ మాత్రకి అలవాటు పడ్డారని ఎవరైనా అన్నారా?"

కోటయ్య తల అడ్డంగా ఊపాడు. వీరదుర్గ మందుల చీటీ అందుకుని లేచింది.

ఇంటికొచ్చాక వారం గడిచింది. దగ్గు తగ్గలేదు. ఇంకో వారం. ఆమె డాక్టరుకి ఫోను చేసి తిట్టినంత పని చేసింది.

"మీ మందు నీళ్లతో సమానం అమ్మా! రెండు పూటలా వేసుకుంటున్నాను. గొంతు దిగడమే కష్టంగా ఉంది."

"గొంతు దిగడం ఏంటమ్మా? ఆ గొట్టాలు మింగుతున్నారా?"

"మరి ఏం చెయ్యాలి? పీల్చేది పంపు ఒక్కటే కదా, గొట్టం మందు మింగక..."

"పరికరం ఏం చేశారు?"

పరికరం వంటగదిలో సామాను మధ్య ఉంది. దాన్ని కోటయ్య పళ్లపొడి పోసుకోవడానికి బాగుంటుందని పక్కన పెట్టాడు. డాక్టరు వీడియో కాల్‌లోకి వచ్చి, గొట్టం ఎక్కడ పెట్టాలో, ఎలా తిప్పాలో, ముందు ఊపిరి బయటికి వదిలి నోటితో ఎలా గట్టిగా లాగాలో, ఎంతసేపు బిగబట్టాలో చూపించింది. "ఊపిరి బిగబట్టడం మీకు నేను చెప్పాలా అమ్మా?" అంది చివర్లో.

అప్పట్నుంచి మందు పనిచెయ్యడం మొదలైంది. కుక్కరు ఈల ఆగింది. తెల్లవారుజామున నిద్ర పట్టింది. గ్రౌండులో కూత గీత దాకా వెళ్లి తిరిగొచ్చింది. రత్నం "ఇదీ మా వదినంటే" అని చప్పట్లు కొట్టింది. వీరదుర్గ కొట్టు ముందు నిలబడి, రిపోర్టు చేత్తో పట్టుకుని, సందు ఈ చివర నుంచి ఆ చివరకి వినపడేలా "టీబీ లేదు, ఏం లేదు, ఆస్తమా! అంటుకునేది కాదు! ఇడ్లీ కావాల్సిన వాళ్లు రండి, పుకార్లు కావాల్సిన వాళ్లు అటు పొండి!" అని కేకేసింది. ఆ కేక ఊపిరి తీసుకోకుండా వేసిందే. గుమస్తాలు తలలొంచుకుని వచ్చి నాలుగేసి ఇడ్లీలు తిన్నారు.

ఇక్కడితో బుద్ధిగా ఉంటే బాగుండేది. కానీ బాగయిపోయిన మనిషికి మందెందుకు? వీరదుర్గ పొడి మందు మానేసింది. కోటయ్య అడిగితే "అయిపోయిందిలే జబ్బు" అంది. కొన్నాళ్లు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒకరోజు బాగా మంచు పట్టిన ఉదయాన, తడిసిన ఊక అంటుకోక పొగ కమ్ముతుంటే, వంగి ఊదుతున్నదల్లా అలాగే ఉండిపోయింది. ఊపిరి లోపలికి వెళ్లింది, బయటికి రాలేదు. పిలుద్దామంటే గొంతులో మాట లేదు. ఆ సందులో మొట్టమొదటిసారి వీరదుర్గ కొట్టు నుంచి చప్పుడు రాలేదు. ఆ నిశ్శబ్దానికే ఆటో తుడుచుకుంటున్న కోటయ్య ఉలిక్కిపడి తల తిప్పాడు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తూ ఆయన ఏడుస్తూనే హారన్ కొట్టాడు, హారన్ కొడుతూనే తిట్టాడు. మాస్కు పెట్టి మందు పొగలా పట్టించాక ఆమె పెదవుల నీలం తగ్గింది. మాట వచ్చాక మొదటి మాట, "నువ్వు ఏడిస్తే బావుండవయ్యా."

"బాగయ్యాక ఎవరైనా మందు మానేస్తారటే?"

"నువ్వు మాత్రం షుగరు తగ్గిందని కాజాలు తినలేదూ?"

ఆ ఆసుపత్రి మంచం దగ్గరే ఒప్పందం కుదిరింది. ఆమె మందు ఆయన చూడాలి, ఆయన కాజాలు ఆమె చూడాలి. ఊక పొయ్యి తీసేసి గ్యాసు పెట్టారు. "పొగ వాసన లేకపోతే ఇడ్లీ చప్పగా ఉందమ్మా" అని ఒక పెద్దాయన సణిగితే, "ఆ వాసన కావాలంటే మీ ఇంట్లో ఊక కాల్చి, ఇక్కడికొచ్చి తినండి బాబాయ్ గారూ" అంది.

డాక్టరుని అడిగింది, ఆడొచ్చా అని. మళ్లీ ఊదించి చూసి, మందు మానకపోతే ఆడొచ్చంది ఫౌజియా. ముందు కాసేపు నెమ్మదిగా ఒళ్లు వేడెక్కించుకోమంది. ఆటకి కాస్త ముందు పంపు పీల్చమంది. ఛాతీ బిగిస్తే పౌరుషానికి పోకుండా ఆగిపొమ్మంది. ఆ చివరి మాట ఒక్కటే వీరదుర్గకి మింగుడు పడలేదు.

పోటీ సాయంత్రం గ్రౌండు నిండిపోయింది. గుడివాడ వాళ్లు నీలం టీషర్టుల్లో దిగారు. బ్లెస్సీ టీచర్ తెల్లజుట్టు ముడేసి, మెళ్లో విజిల్‌తో, ఎప్పట్లాగే కర్రలా నిటారుగా ఉంది.

"గీత ముడతావా ఈసారైనా?" అని పలకరించింది.

"అప్పుడూ ముట్టాను, ఇప్పుడూ ముడతాను," అంది వీరదుర్గ.

రిఫరీ సుందరరాజు గారు ఈల ఊదబోతుండగా వీరదుర్గ రొంటిన దోపుకున్న పంపు తీసి, ఊపి, నోట్లో పెట్టుకుని పీల్చింది. ఇన్నాళ్లూ కొట్టు వెనక్కి వెళ్లి పీల్చేది. ఇవాళ అందరి ముందూ పీల్చాల్సి వచ్చింది.

"అబ్జెక్షన్!" బ్లెస్సీ చెయ్యెత్తింది. "సుందరరాజు గారూ, ఆవిడేదో మందు కొడుతోంది. పెద్ద ఆటల్లో ఇలాంటి వాళ్లని ఇంటికి పంపేస్తారు!"

జనంలో గోల. సుందరరాజు గారు రూల్సు పుస్తకం తిరగేశారు. అందులో చీరకట్టు గురించి కూడా లేదు, ఇక దీని గురించి ఏం ఉంటుంది? అంతలో జనంలోంచి ఒక ముసలమ్మ లేచింది. చేతి సంచిలోంచి అలాంటి పంపే తీసి పైకెత్తింది. "ఇది సారా అంటారా ఏంటి? నేను రోజూ పీలుస్తాను. నన్ను కూడా పంపించేస్తారా?" మరో వైపు నుంచి ఒక కాలేజీ అమ్మాయి కాస్త సిగ్గుపడుతూ తనదీ చూపించింది.

కోటయ్య ఊరుకోలేదు. డాక్టరుకి ఫోను కలిపి, స్పీకర్ పెట్టి, మైకు ముందు పట్టాడు. ఫౌజియా గొంతు గ్రౌండంతా మోగింది.

"అది ఆస్తమా మందండీ. మోతాదులో వాడితే పెద్ద పోటీల్లో కూడా ఒప్పుకుంటారు. బలం రాదు, ఊపిరి దారి తెరుచుకుంటుంది, అంతే. వీరదుర్గమ్మా, ఉన్నారా?"

"ఉన్నానమ్మా," అంది వీరదుర్గ మైకు దగ్గరికొచ్చి.

"పొడి మందు మానలేదు కదా?"

"లేదమ్మా."

"పీల్చాక నోరు పుక్కిలిస్తున్నారా?"

దివిసీమ సగం అక్కడే ఉంది. వీరదుర్గ చెవులు ఎర్రబడ్డాయి. "పుక్కిలిస్తున్నానమ్మా," అని చిన్నపిల్లలా ఒప్పజెప్పింది. గ్రౌండు మొత్తం పగలబడి నవ్వింది. బ్లెస్సీ కూడా.

ఆట మొదలైంది. వీరదుర్గ వంతు వచ్చేసరికి నేలకి దండం పెట్టుకుని కూత ఎత్తుకుంది. మొదట సన్నగా, తర్వాత గట్టిగా, తర్వాత తీగ సాగినట్టు. లోపల ఎక్కడా అడ్డు తగల్లేదు. చిన్నప్పుడు ఇసకలో పరుగెత్తిన పిల్ల ఎక్కడి నుంచో వచ్చి కాళ్లలో దూరినట్టు అనిపించింది. చెయ్యి చాపి బ్లెస్సీ భుజం తాకి, కూత తెగకుండా గీత దాటింది. ఊపిరి నిలిచింది కానీ మోకాలు నిలవలేదు. ఇవతల పడ్డాక లేవడానికి రత్నం సాయం పట్టాల్సి వచ్చింది. అయినా జనం ఈలలు ఆపలేదు.

రెండో సగంలో బ్లెస్సీ కూతకి వచ్చింది. సగం దూరం వచ్చి మధ్యలో ఆగిపోయింది. కూత తడబడి, మాటలు కలిసిపోయాయి. అంత చలిలో ముఖం చెమటతో తడిసింది. చేతులు వణుకుతున్నాయి. చూపు ఎక్కడో ఉంది.

"పట్టు వదినా, పట్టు! కూత తెగింది!" అని అరిచింది రత్నం.

వీరదుర్గ రెండు చేతులూ అడ్డం చాచి తన జట్టునే ఆపింది. ఆ చెమట, ఆ వణుకు ఆమెకి తెలుసు. ఇంట్లో చూసింది.

"ఏవయ్యోయ్!" అని కేకేసింది. కోటయ్యకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. "లో అయింది! షుగరు లో అయింది!" అంటూ గేటు దగ్గర చెరుకు రసం బండి మీంచి గ్లాసు లాక్కుని వచ్చాడు. ఇద్దరూ బ్లెస్సీని నేల మీద కూర్చోబెట్టారు. ఆమెకి తెలివి ఉంది, మింగగలుగుతోంది. వీరదుర్గ తల వెనక చెయ్యి పెట్టి గుక్క గుక్కగా తాగించింది. కాసేపటికి బ్లెస్సీ కళ్లలోకి మనిషి తిరిగొచ్చింది.

"పొద్దున షుగరు మాత్ర వేసుకున్నాను," అంది నీరసంగా. "తింటే ఒళ్లు బరువై పరుగెత్తలేనని అన్నం మానేశాను."

"పిల్లలకి పాఠాలు చెప్పేదానివి! మాత్ర వేసుకుని తిండి మానేస్తారా ఎవరైనా?" అంది వీరదుర్గ. తను మానేసిన పొడి మందు గుర్తొచ్చి గొంతు కాస్త తగ్గించింది. "సరేలే. నేనూ అంతే ఘనురాలిని."

తర్వాత తలెత్తి కేకేసింది. "సుందరరాజు గారూ! ఈవిడేదో తాగింది, మందేమో చూడండి!"

బ్లెస్సీ ఆమె భుజం మీద నెమ్మదిగా చరిచింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

కెప్టెన్లు ఇద్దరూ మిగతా ఆట బెంచీ మీద కూర్చునే చూశారు. కూర్చోవడమంటే నోరు మూసుకుని కాదు. ఎవరి జట్టుని వాళ్లు తిట్టారు, కొంతసేపు పొరపాటున ఒకరి జట్టుని ఇంకొకరు మెచ్చుకున్నారు. చివర్లో వీళ్లిద్దరి గోలకి రత్నం నవ్వాపుకోలేక బయటి గీత తొక్కింది. ఒక్క పాయింటు తేడాతో గుడివాడ గెలిచింది. వీరదుర్గకి ఒళ్లు మండింది. రత్నం పూల కొట్టు ఉన్న వైపు రెండ్రోజులు చూడనని అక్కడికక్కడే చెప్పేసింది.

గుడివాడ వాళ్ల వ్యాను బయల్దేరేలోగా బ్లెస్సీకి సరైన తిండి పెట్టాలని వీరదుర్గ కొట్టుకి లాక్కెళ్లింది. వేడి ఇడ్లీ వడ్డించి, సాంబారు పోసి, ఎదురుగా కూర్చుంది. బ్లెస్సీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"ఉప్పు తగ్గింది."

"మా ఇంట్లో బీపీ మనిషున్నాడు. అందరికీ అదే."

"మరి ఇంకాస్త చట్నీ వెయ్యి," అంది బ్లెస్సీ ప్లేటు ముందుకి జరిపి. వీరదుర్గ గరిటె అందుకుని లేచింది.